సముద్రం మోస్తుంది, సముద్రమే తింటుంది: ఫిలిప్పీన్స్ దీవుల్లో ఒక ఏఎం రేడియో స్టేషన్

సెబు రేవు నుంచి బొహోల్ దీవిలోని టాగ్బిలరాన్‌కు ఫాస్ట్ ఫెర్రీలో రెండు గంటలు పడుతుంది. దారిలో ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఎఫ్ఎం గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటాయి. సెబు నుంచి 612 కిలోహెర్ట్జ్ మీద వచ్చే డీవైహెచ్‌పీ, టాగ్బిలరాన్ నుంచి 1161 మీద వచ్చే డీవైఆర్‌డీ లాంటి ఏఎం స్టేషన్లు మాత్రం ఆ నీళ్ల మీద ఎక్కడా తడబడవు.

మన ఇళ్లలో మీడియం వేవ్ అని పిలుచుకున్న బ్యాండే ఇది. విజయవాడ 837, విశాఖ 927, టాగ్బిలరాన్ 1161. ఏ అంకె తీసుకున్నా తొమ్మిదితో శేషం లేకుండా భాగహారం పోతుంది. 1978 నవంబరులో అమలైన ఒప్పందం ప్రకారం అమెరికా ఖండాలు మినహా మిగతా ప్రపంచం తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడంతో స్టేషన్లను సర్దుకుంది. ఫిలిప్పీన్స్‌లో స్టేషన్ పేరులోని మొదటి రెండక్షరాలు ఊరు ఏ వైపుందో చెప్పేస్తాయి. డీజడ్, డీడబ్ల్యూ అంటే ఉత్తరాన లూజాన్, డీవై అంటే మధ్యలోని విసాయస్, డీఎక్స్ అంటే దక్షిణాన మిండనావ్. సెబువానో భాష ఇల్లు ఈ డీవై, డీఎక్స్ ప్రాంతాలే: సెబు, బొహోల్, సికిహోర్, తూర్పు నెగ్రోస్, లేటెలో పడమర, దక్షిణ భాగాలు, మిండనావ్‌లో చాలా భాగం. రెండు కోట్ల మందికి పైగా అది అమ్మభాష. మాట్లాడేవాళ్లు మాత్రం మామూలుగా బిసాయా అనే అంటారు.

దీవుల మధ్య ఏఎం ఎందుకు నిలిచిందంటే పాతకాలపు మమకారం వల్ల అనుకుంటారు చాలామంది. అసలు సంగతి ఉప్పునీటిది. మీడియం వేవ్ పగటిపూట నేలను అంటిపెట్టుకుని పాకుతూ పోతుంది. కింద ఉన్నది విద్యుత్తును ఎంత బాగా పారనిస్తే తరంగం అంత తక్కువగా అరుగుతుంది. సెబు, బొహోల్ దీవుల్లో చాలాచోట్ల కింద ఉన్నది సున్నపురాయి. అలాంటి పొడినేల వాహకత మీటరుకు ఒక మిల్లీ సీమెన్స్ అనుకుంటే, సముద్రపు నీటిది దానికి నాలుగైదు వేల రెట్లు. ఒక కిలోవాటు ట్రాన్స్‌మిటర్, పావు తరంగం పొడవున్న టవరు తీసుకుందాం. కిలోమీటరు దూరంలో క్షేత్రబలం, అంటే సిగ్నల్ బలం, మీటరుకు సుమారు 300 మిల్లీవోల్టులు. నూరు కిలోమీటర్లు నీటి మీదుగా పోతే ఇంకా మూడు మిల్లీవోల్టులకు కాస్త తక్కువగా మిగులుతుంది. అంతే దూరం సున్నపురాతి నేల మీదుగా పోతే అందులో నూరో వంతుకు దగ్గరగా పడిపోతుంది. అందుకే సెబు నగరపు స్టేషను సొంత దీవి వెన్నెముక కొండల అవతల ఉన్న పల్లెలో కంటే, ఎదురు ఒడ్డున పరాయి దీవిలో బాగా వినిపించడం వింతేమీ కాదు.

ఈ లెక్క తెలిసినవాళ్లు టవరును కొండ మీద పెట్టరు. ఎఫ్ఎంకు కొండ కావాలి, ఏఎంకు బురద కావాలి. మడ అడవి అంచునో, పాత చేపల చెరువు పక్కనో, పోటు వచ్చినప్పుడు తడిసే నేలలోనో నిలబెడతారు. 1161 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 258 మీటర్లు, అందులో పావు వంతు 64.6 మీటర్లు. 612కు అదే లెక్కన 122 మీటర్లు దాటుతుంది. టవరు మొత్తమే యాంటెన్నా కాబట్టి అడుగున పింగాణీ ఇన్సులేటర్ మీద కూర్చోబెట్టి, ఇన్సులేటర్లతో ముక్కలు చేసిన స్టే తీగలతో లాగి కడతారు.

కంటికి కనిపించని సగం మట్టిలో ఉంటుంది. టవరు పాదం నుంచి చక్రం ఆకుల్లా 120 రాగితీగలు, ఒక్కొక్కటి టవరు ఎత్తంత పొడవు, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో. 1161 స్టేషనుకు మొత్తం తీగ ఏడున్నర కిలోమీటర్లు దాటుతుంది. 2.6 మిల్లీమీటర్ల తీగైతే సుమారు 370 కిలోల రాగి. పాత సామాను కొనేవాడి కంట పడితే ఆ నేల అడుగున ఉన్నది ఇనప్పెట్టె కిందే లెక్క. దొంగ పడినా, ఉప్పు తిన్నా, పైకి ఏమీ కనిపించదు. ట్రాన్స్‌మిటర్ మీటరు ఎప్పటిలాగే ఐదు కిలోవాట్లు చూపిస్తుంది. నిజం చెప్పేది టవరు పాదం దగ్గరి అమ్మీటరే.

ఆ అమ్మీటరును చదవడమే ఈ ఉద్యోగంలో సగం. టవరు నిరోధం 50 ఓమ్‌లు అనుకుంటే, ఐదు కిలోవాట్ల క్యారియర్‌కు, అంటే గొంతును మోసే మూల తరంగానికి, పాదంలో పది ఆంపియర్లు పారాలి. మాటలు లేని నిశ్శబ్ద క్షణంలో చూడాలి, ఎందుకంటే పూర్తి మాడ్యులేషన్‌లో, అంటే గొంతు తరంగం మీద నిండుగా ఎక్కినప్పుడు, అది 12.2 దాకా ఎగురుతుంది. పది చూపించాల్సిన చోట తొమ్మిది చూపిస్తోందనుకోండి. అదే శక్తికి తొమ్మిది ఆంపియర్లంటే నిరోధం 61.7 ఓమ్‌లకు పెరిగినట్టు. టవరు ఎత్తు పెరగలేదు కదా, కాబట్టి అదనంగా చేరిన ఆ 11.7 ఓమ్‌లు నేలలో నష్టం. మొత్తంలో 19 శాతం, అంటే 950 వాట్లు పగలూ రాత్రీ మట్టిని కాచి వదిలిపెడుతున్నాయి. అప్పుడు చేయాల్సింది ట్రాన్స్‌మిటర్ మూత విప్పడం కాదు, పార పట్టుకుని వెళ్లడం. మొదట తవ్వాల్సింది టవరు పాదం చుట్టూ, తీగలన్నీ రాగిపట్టీకి అతికే చోట. మెత్తటి సీసం-తగరం టంకం వేసిన అతుకులు ఉప్పు బురదలో కొన్నేళ్లకే పొడిగా రాలిపోతాయి. వెండి మిశ్రమంతో బ్రేజింగ్ చేసినవే నిలుస్తాయి. డబ్బు ఆదా అని రాగి బదులు అల్యూమినియం తీగ పాతిన చోట అసలేమీ మిగలదు.

ఉప్పు పైనుంచీ పని చేస్తుంది. ఎండాకాలమంతా గాలి మోసుకొచ్చిన ఉప్పు పాదం ఇన్సులేటర్ మీద కంటికి ఆనని పొరలా పేరుకుంటుంది. ఎండినంత సేపు హాని లేదు. మొదటి సన్నజల్లుకు ఆ పొర తడిసి కరెంటుకు దారి ఇస్తుంది, టవరు నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తిని చూపే రిఫ్లెక్టెడ్ పవర్ ముల్లు లేస్తుంది, ట్రాన్స్‌మిటర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. జోరువాన పడితే ఉప్పు కడుక్కుపోయి అంతా మామూలవుతుంది. అందుకే "చినుకులకు ఆగి, కుంభవృష్టికి ఆడే స్టేషన్" అన్న ఫిర్యాదు వినగానే అనుభవం ఉన్న ఇంజనీరు ముందు మంచినీళ్ల బకెట్టు తెమ్మంటాడు. ట్రాన్స్‌మిటర్ ఆపి, టవరును ఎర్త్ చేసి, ఇన్సులేటర్‌ను కడిగి, గుడ్డతో తుడిస్తే చాలు. నెలకోసారి చేసే చోట ఆ ఫిర్యాదే రాదు.

పిడుగుల కోసం ఇన్సులేటర్‌కు అడ్డంగా రెండు లోహపు గుండ్లు కొద్ది ఎడంతో పెడతారు. ఆ ఎడం మరీ తక్కువైతే అనౌన్సరు గట్టిగా అరిచినప్పుడల్లా మాడ్యులేషన్ శిఖరానికే నిప్పురవ్వ దూకి స్టేషన్ ఆగుతుంది. మరీ ఎక్కువైతే పిడుగు గుండ్లను వదిలి ట్రాన్స్‌మిటర్‌కూ టవరుకూ జత కుదిర్చే ట్యూనింగ్ పెట్టెలోని కెపాసిటర్లను వెతుక్కుంటుంది. ఇక ఆ ట్యూనింగ్ పెట్టెలో వెచ్చదనం కోసం దూరే బల్లులు వేరే సమస్య. స్థానికులు టుకో అని పిలిచే పెద్దబల్లి కాయిల్‌కూ పెట్టె గోడకూ మధ్య అడ్డంగా పడితే దాని ప్రాణమూ పోతుంది, కార్యక్రమమూ పోతుంది. సన్నటి ఇత్తడి వల కొట్టి గాలి రంధ్రాలను మూయడం అన్నిటికంటే చవకైన మరమ్మతు.

ఇంత పాట్లు పడి పంపే గొంతు ఏ భాషలో ఉంటుందన్నది రెండో సగం కథ. ప్రాంతీయ ఏఎం స్టేషన్ రోజంతా రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. తెల్లవారుజామున జాతీయగీతం, ప్రార్థన, రైతుల కబుర్లు, తర్వాత వార్తలూ వ్యాఖ్యానాలూ సెబువానోలో. నెట్‌వర్కుకు చెందిన స్టేషనైతే కొన్ని గంటలు మనీలా నుంచి వచ్చే జాతీయ వార్తలు జాతీయ భాష ఫిలిపినోలో. మధ్యాహ్నం సెబువానో రేడియో నాటకాలు. మధ్యాహ్నం మూడింటి ప్రార్థన, సాయంత్రం ఆరింటి గంట. మధ్యమధ్య పనవాగన్, అంటే జనం పంపే కబుర్లు: తప్పిపోయిన గేదె, దూరపు దీవిలో ఉన్న బంధువుకు చావు కబురు, రద్దయిన పడవ. వార్తల కంటే ఈ కబుర్లకే చెవులు ఎక్కువ నిక్కపొడుచుకుంటాయంటే ఆశ్చర్యం లేదు.

ఫిలిపినో భాషకు మూలం మనీలా ప్రాంతపు టగలోగ్. సెబువానోకు అది అక్కచెల్లెలి వరస, తల్లి కాదు. బాగ్యో అంటే తుపాను, ఉలాన్ అంటే వాన, బాహా అంటే వరద. ఇవి రెండిట్లోనూ ఒకటే. భూకంపం మాత్రం టగలోగ్‌లో లిందోల్, సెబువానోలో లీనోగ్. అంతకంటే ప్రమాదం రూపం ఒకటై అర్థం వేరైన మాటలతో. లంగ్గామ్ టగలోగ్‌లో చీమ, సెబువానోలో పక్షి. గుబాత్ అక్కడ అడవి, ఇక్కడ యుద్ధం. సెబు అనౌన్సరు పరిస్థితి గందరగోళంగా ఉందని చెప్పడానికి "లిబోగ్ కాయో" అంటాడు. మనీలా శ్రోతకు అందులో కామం తప్ప మరేమీ వినిపించదు. కాబట్టి మనీలా నుంచి ఫిలిపినోలో వచ్చిన వార్తను చూసి చదివేస్తే పని కాదు. మనీలాకు రిపోర్టు పంపే ప్రాంతీయ విలేకరి కూడా వాక్యం మధ్యలో భాష మార్చుకోవడం నేర్చుకోవాలి. గంటలూ డబ్బూ మాత్రం రెండు భాషల్లోనూ ఎక్కువగా స్పానిష్ అంకెల్లోనే: ఆరు గంటలైతే "అలాస్ సైస్". మన దుకాణాల్లో లెక్కలు ఇంగ్లీషులోకి జారినట్టే ఇదీ.

అనువాదం ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం 2013 నవంబరు 8. యోలాందా తుపాను లేటె దీవిలోని తక్లోబాన్ మీద సముద్రాన్ని ఎత్తి పోసింది. ముందస్తు హెచ్చరికల్లో ఆ ముప్పు పేరు ఉంది, కానీ "స్టార్మ్ సర్జ్" అని ఇంగ్లీషులో ఉంది. అది గాలివానకు మరో పేరు అనుకుని ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. సునామీ అని ఉంటే పరుగెత్తేవాళ్లమని తర్వాత చెప్పారు. తెలుగు తీరంలో ఈ చిక్కు లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదాన్ని ఏమనాలో ఎవరూ వెతుక్కోలేదు, ఉప్పెన అన్న మాట తాతల నాటిది. సెబువానో అనౌన్సరుకు ఒక మంచి దారి ఉంది. సాంకేతిక పదాన్ని ఒకసారి చదివి, వెంటనే "మొసాక అంగ్ దాగత్", అంటే సముద్రం ఎక్కి వస్తుంది అని విడమరచడం. పదం కంటే క్రియ ముందు అర్థమవుతుంది.

వాతావరణ సంస్థ పగాసా ఇచ్చే గాలి హెచ్చరికలు ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి. 2022లో సవరించిన పట్టిక ప్రకారం ఒకటో నంబరు అంటే 36 గంటల్లోగా గంటకు 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి. ఐదో నంబరు అంటే 12 గంటల్లోగా 185, ఆపైన. మన రేవుల్లో ఎగరేసే నంబర్లతో వీటిని కలపకూడదు, కొలతలు వేరు. మైకు ముందు తరచూ జరిగే తప్పు అంకెను మాత్రమే పదేపదే చెప్పడం. ఒకటో నంబరుకే కోస్ట్‌గార్డు చిన్న పడవల్ని ఆపేస్తుంది కాబట్టి, దీవిలో వినేవాడికి కావాల్సింది ఏ రేవులో ఏ పడవ ఆగింది, ఆశ్రయం ఇచ్చే బడి ఏది, గాలి ఎన్నింటికి ఏ దిక్కుకు మళ్లుతుంది అన్నవి.

ఈ హెచ్చరికలు చదివే గంటల్లోనే స్టేషన్‌కు సొంత పరీక్ష మొదలవుతుంది. 2013లో బొహోల్‌కు కరెంటు ప్రధానంగా లేటె నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మీద వచ్చేది. ఆ ఏడాది అక్టోబరు 15న 7.2 తీవ్రత భూకంపం బొహోల్‌ను కుదిపింది. మూడు వారాల తర్వాత యోలాందా దెబ్బ లేటె మీద పడితే చీకటయింది బొహోల్‌లో కూడా. 2021 డిసెంబరు 16న ఒడెట్ తుపాను సియర్గావ్ దీవిని తాకి, దక్షిణ లేటె, బొహోల్, సెబు, నెగ్రోస్ మీదుగా దాటిపోయినప్పుడు చాలా ఊళ్లకు వారాల తరబడి కరెంటు లేదు. మొబైల్ టవర్ల బ్యాటరీలు గంటల్లో అయిపోతాయి. అప్పుడు మిగిలేది డీజిల్ లెక్క.

ఐదు కిలోవాట్ల క్యారియర్‌కు మాటల మాడ్యులేషన్ కలిపితే సగటున ఆరు కిలోవాట్లు. ట్రాన్సిస్టర్లతో నడిచే సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి ఏడున్నర పోవాలి. చల్లదనానికీ స్టూడియోకూ మూడు కలిపితే పదిన్నర. యూనిట్‌కు 0.3 లీటరు చొప్పున గంటకు మూడు లీటర్ల పైచిలుకు. అంటే 200 లీటర్ల డ్రమ్ము రెండున్నర రోజులకు సరి. పాత వాల్వుల ట్రాన్స్‌మిటరైతే ఇంకా ముందే ఖాళీ. శక్తిని ఒక కిలోవాటుకు దించితే డ్రమ్ము ఆరు రోజులు వస్తుంది, క్షేత్రబలం మాత్రం సగానికి కాస్త తక్కువకే తగ్గుతుంది. ఐదో వంతు శక్తికి ఐదో వంతు వినికిడి కాదు, వర్గమూలం లెక్క ఇక్కడ శ్రోత వైపు నిలబడుతుంది. నీటి దారిలో ఆ తగ్గుదల చాలామందికి తెలియనే తెలియదు. కాబట్టి రోడ్లు తెరుచుకుంటాయో లేదో తెలియని మొదటి రాత్రి ఐదు కిలోవాట్లతో ఊదేసేవాళ్లది ధైర్యం కాదు, లెక్క తెలియకపోవడం. ఇంకో సంగతి: పెద్ద జనరేటర్‌ను మరీ తక్కువ లోడు మీద రోజుల తరబడి నడిపితే కాలని డీజిల్ మసి జిగురై పొగగొట్టంలో పేరుకుంటుంది. చిన్న జనరేటర్ ఒకటి విడిగా ఉండాలి.

తుపానుకు ముందు చేయాల్సిన పనులు ఎవరికీ కొత్త కావు, చేసేది తక్కువ. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలాలి. స్టే తీగల టర్న్‌బకిల్స్‌కు తాళం తీగ ఉందో లేదో చూడాలి. లేకపోతే గాలి ఊపుకు మరలు వాటంతటవే విడిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, స్టూడియో నుంచి ట్రాన్స్‌మిటర్‌కు గొంతు మోసే మైక్రోవేవ్ డిష్‌ను నమ్మకపోవడం. టవరు నిలబడినా, స్టూడియో కప్పు మీది డిష్ కాస్త తిరిగిందంటే స్టేషన్ మూగబోతుంది. ట్రాన్స్‌మిటర్ గదిలోనే ఒక మైకు, చిన్న మిక్సరు, నీళ్లు, బియ్యం, ఒక అనౌన్సరు ముందే ఉండాలి. ట్రాన్స్‌మిటర్‌ను నేల మట్టానికి మీటరు ఎత్తు దిమ్మ మీద పెట్టారా అన్నది కట్టిన రోజే తేలిపోయిన విషయం. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఎంచుకున్న ఉప్పు బురదనేల, ఉప్పెన మొదట ఎక్కే నేల కూడా అదే.

డబ్బు సంగతికొస్తే, ప్రాంతీయ స్టేషన్ బతుకు చాలావరకు బ్లాక్‌టైమ్ మీద. గంటను హోల్‌సేల్‌గా కొనుక్కున్న వ్యాఖ్యాత సొంతంగా ప్రకటనలు తెచ్చుకుంటాడు. అతను స్టేషన్ ఉద్యోగి కాదు, కానీ గొంతు స్టేషన్‌ది. ఫిలిప్పీన్స్ శిక్షాస్మృతి 355వ అధికరణం కింద రేడియోలో చేసిన పరువునష్టం కూడా నేరమే. 2001 నాటి ఎన్నికల చట్టం స్థానిక అభ్యర్థికి ఒక్కో రేడియో స్టేషన్‌లో 90 నిమిషాల ప్రకటనలకే పరిమితి పెట్టింది. బ్లాక్‌టైమ్ వ్యాఖ్యానం ఆ గడియారంలో లెక్కకు రాకుండా జారిపోవడమే అసలు తలనొప్పి. ఈ గొంతులకు మూల్యం కూడా ఉంది. 2023 నవంబరు 5న సెబువానో మాట్లాడే మిసామిస్ ఆక్సిడెంటల్ ప్రాంతంలో హువాన్ హుమలోన్ అనే రేడియో వ్యాఖ్యాతను ఇంట్లోని స్టూడియోలో, కార్యక్రమం నడుస్తుండగానే కాల్చి చంపారు. ఇక అనుమతి సంగతి. ప్రసారానికి దేశ చట్టసభ చేసిన ఫ్రాంచైజీ చట్టం కావాలి, దాని గడువు మామూలుగా 25 ఏళ్లు. 2020 మేలో పెద్ద టీవీ, రేడియో నెట్‌వర్కు ఏబీఎస్-సీబీఎన్ గడువు తీరాక మర్నాడే ప్రసారం ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. మనీలా వివాదానికి సెబులో 1512 మీది దాని స్టేషన్ డీవైఏబీ కూడా మూగబోయింది.

రోజువారీగా ఏఎంను దెబ్బ తీస్తున్నది ఇవేవీ కావు. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు. వాటిలోని స్విచింగ్ సర్క్యూట్లు ఇదే బ్యాండులో బుర్రుమని రొద చేస్తాయి. ఫోనులో ఎఫ్ఎం చిప్ ఉన్నా ఏఎం ఉండదు, ఏఎం సెట్టులో యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీకి అందులో చోటూ లేదు, పక్కనున్న రొదలో అది పనీ చేయదు. స్టేషన్ శక్తి పెంచి ఈ రొదను గెలవాలంటే వల్లకాదు. రొద శ్రోత గదిలోనే, సెట్టుకు మూరెడు దూరంలో పుడుతోంది. సెట్టును గోడ దగ్గర్నుంచి కిటికీకి మార్చి, స్టేషన్ వైపుకు అడ్డంగా తిప్పమని అనౌన్సరు గాలిలో చెప్పడం కొత్త ట్రాన్స్‌మిటర్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

కరెంటు పోయిన రాత్రి ఊరంతా ఆ రొద ఒక్కసారిగా ఆగిపోతుంది. బ్యాటరీ సెట్టులో, మామూలు రోజుల్లో అందని స్టేషన్లు కూడా శుభ్రంగా పలుకుతాయి. కిలోవాటు మీద నడుస్తున్న స్టేషన్, ఐదు కిలోవాట్ల రోజుల కంటే స్పష్టంగా వినిపిస్తుంది. కొన్నాళ్లకు ఒక వీధిలోని సెట్టులో బుర్రుమనే చప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆ వీధికి కరెంటు వచ్చిందన్నమాట.